మార్ఫిన్‌కు విరుగుడన్న మందు: 1884 నాటి మెర్క్ కొకెయిన్‌పై ఒక ఫార్మసిస్టు సమీక్ష

1884 వసంతంలో డార్మ్‌స్టాట్ నగరంలోని మెర్క్ కర్మాగారంలో తయారైన కొకెయిన్ గ్రాము ఒక్కటికి వియన్నాలో 3 గుల్డెన్ల 33 క్రాయిట్సర్లు పలికింది (గుల్డెన్‌కు వంద క్రాయిట్సర్లు). 33 క్రాయిట్సర్లే అవుతుందని లెక్కవేసుకుని తెప్పించుకున్న, తరువాతి కాలంలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ పదింతల ధర విని కంగుతిన్నాడు. అప్పటికి ఆయన వియన్నా జనరల్ ఆసుపత్రిలో చిన్న వైద్యుడు. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు. నిశ్చితార్థమై రెండేళ్లు కావస్తున్నా పెళ్లికి డబ్బు కూడక, పేరు తెచ్చిపెట్టే ఆవిష్కరణ ఒక్కటైనా చేతికందకపోతుందా అని వెతుకుతున్నాడు. అందుకే ఆ ధర పెట్టి కొన్నాడు. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ సీసాలోని తెల్లటి పొడిని, అంటే ఆనాటి మందుల భాషలో కొకెయినమ్ మురియాటికమ్ అని పిలిచిన లవణాన్ని. ఈనాటి దొంగ సరుకుగా కాకుండా, 1884 నుంచి 1887 దాకా మార్ఫిన్ వ్యసనానికి చికిత్స అని చెప్పి వైద్యులు రాసిచ్చిన మందుగానే దాన్ని చూస్తాను.

నేను ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఫార్మసిస్టును. మందులిచ్చే కిటికీ ముందు నిలబడిన తల్లులూ భార్యలూ నన్ను అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, ఈ అలవాటు మాన్పించే మందేదైనా ఉంటే ఇవ్వండి." ఆ మాటలోని ఆశ ఎంత బరువైనదో రోజూ చూస్తాను కాబట్టి, అదే ఆశతో ఒకప్పుడు ఐరోపా, అమెరికా వైద్యులు నమ్మి చేతికిచ్చిన మందు ఎలా ఉండిందో, దాని గుట్టును తొలితరం మానసిక వైద్యులు ఎలా బయటపెట్టారో వివరంగా రాయాలనిపించింది.

ముందు ఆ మందు అవసరం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1850ల్లో చర్మం కింద మందు ఎక్కించే సూది వాడుకలోకి వచ్చాక మార్ఫిన్ నొప్పికి అద్భుతంగా పనిచేసింది, ఆ తరువాత యుద్ధాల్లో గాయపడిన సైనికులకూ, తలనొప్పులతో బాధపడే గృహిణులకూ, సూది అందుబాటులో ఉన్న వైద్యులకూ అదే తీరని అలవాటైంది. బెర్లిన్ వైద్యుడు ఎడ్వర్డ్ లెవిన్‌స్టైన్ 1877లో దీన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణిస్తూ పుస్తకం రాశాడు. ఆయన చికిత్స ఏమిటంటే, రోగిని గదిలో పెట్టి తాళం వేసి, మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపేయడం. వాంతులు, విరేచనాలు, చలి, ఒళ్లు విరిచేసే నొప్పులు, నిద్రలేమి, కొన్నిసార్లు గుండె జారిపోయే నీరసం, వీటన్నిటినీ రోగి ఆ గదిలోనే అనుభవించి బయటపడాలి. కళ్లముందు ఇంత యాతన ఉన్నప్పుడు ముల్లును ముల్లుతోనే తీయవచ్చునని ఎవరైనా చెబితే వినేవాళ్లకు కొదవ ఉండదు.

అలా చెప్పినవాళ్లు మొదట అమెరికాలో ఉన్నారు. డెట్రాయిట్ నుంచి వెలువడిన థెరప్యూటిక్ గెజెట్ అనే వైద్యపత్రికలో, కోకా ఆకు సారంతో నల్లమందు, మార్ఫిన్ అలవాట్లు మానిపించామని 1880 ప్రాంతంలో కొందరు వైద్యులు రాశారు. ఆ పత్రికను నడిపిన జార్జ్ డేవిస్, కోకా సారాన్ని అమ్మే పార్క్ డేవిస్ మందుల కంపెనీ యజమానుల్లో ఒకడు. ఈ సంగతి నా వృత్తిలో ఉన్నవాళ్లకు వెంటనే గుచ్చుకుంటుంది, ఎందుకంటే మందు అమ్మేవాడే మందు గురించి వార్త వేసే పద్ధతి మా కౌంటర్ల మీద పడే రంగురంగుల కరపత్రాల రూపంలో ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఫ్రాయిడ్ మాత్రం ఆ నివేదికలను నమ్మాడు. అలసిపోయిన బవేరియా సైనికులకు కొకెయిన్ ఇస్తే చురుకుగా లేచి నడిచారని థియొడోర్ ఆషెన్‌బ్రాంట్ 1883 డిసెంబరులో ప్రచురించిన వ్యాసం ఆయన ఉత్సాహాన్ని రెట్టింపు చేసింది.

మందుగా దీని పుట్టుక గౌరవప్రదమైనదే. గాటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ నీమన్ అనే యువ రసాయన శాస్త్రవేత్త, నోవారా ఓడ యాత్రలో దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన కోకా ఆకుల నుంచి దీన్ని శుద్ధంగా వేరుచేసి 1860లో తన పరిశోధన పత్రంలో వర్ణించాడు. నాలుక మీద వేసుకుంటే ఆ చోటు మొద్దుబారిపోతుందని కూడా అందులో రాశాడు. రెండేళ్లకే మెర్క్ తయారీ మొదలుపెట్టింది. అయితే ఇరవై ఏళ్లపాటు దీన్ని ఎందుకు వాడాలో ఎవరికీ స్పష్టంగా తెలియలేదు, అమ్మకాలూ అంతంత మాత్రమే.

ఫ్రాయిడ్ మొదటి మోతాదు గ్రాములో ఇరవయ్యో వంతు. నీళ్లలో కలుపుకుని తాగాడు. చేదు రుచి, పెదవులకు తిమ్మిరి, కొద్ది నిమిషాల్లో మనసు తేలికపడటం, ఆకలీ అలసటా మాయమవడం, పని చేయాలనే ఉత్సాహం, వీటిని ఆయన చాలా జాగ్రత్తగా గమనించి రాశాడు. ఆ తరువాత చాలాసార్లు తీసుకున్నాడు, స్నేహితులకు ఇచ్చాడు, కాబోయే భార్య మార్తాకూ పంపాడు. 1884 జులైలో కోకా మీద ఆయన సుదీర్ఘ వ్యాసం అచ్చైంది. అజీర్ణం, నీరసం, ఉబ్బసం వంటివాటితో పాటు మార్ఫిన్, మద్యం వ్యసనాలకు కూడా కొకెయిన్ చికిత్స అవుతుందని అందులో ప్రతిపాదించాడు. మొదటిసారి వాడినా, పదేపదే వాడినా మళ్లీ కావాలనే కోరిక పుట్టదని, పైగా కొంత విముఖత కూడా కలుగుతుందని ఆయన హామీ. ఏప్రిల్ చివరలో మందు చేతికొస్తే జులైకల్లా అభిప్రాయం అచ్చులో ఉంది. వ్యసనం కలిగించే మందుకు రెండు నెలల్లో యోగ్యతాపత్రం ఇవ్వడం, పెళ్లైన రెండో నెలలోనే కాపురం నిక్షేపంగా ఉందని ఊరంతా చాటడం లాంటిది. ఈ సమీక్షలో నేను నొక్కి చెప్పదలచుకున్న మాట ఇదే: అలవాటు చేసే గుణం మొదటి మోతాదులో కనిపించేది కాదు, కాబట్టి రుచి చూసి చెప్పినవాడి మాట కన్నా, నెలల తరబడి రోగి పక్కన కూర్చున్నవాడి మాటకే విలువ.

ఆ వ్యాసంలోనే ఒక రోగి వృత్తాంతం ఉంది. మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపేసి, మొదటి రోజుల్లో రోజుకు 0.3 గ్రాముల కొకెయిన్ ఇవ్వగా ఆ మనిషి మంచం పట్టకుండా తిరిగాడని, పది రోజులయ్యాక కొకెయిన్ కూడా అక్కరలేకపోయిందని ఫ్రాయిడ్ రాశాడు. చలి, విరేచనాలు మాత్రం పోలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. నేను చదివినప్పుడు అక్కడే ఆగిపోయాను. మార్ఫిన్ ఆపినప్పుడు శరీరం చేసే అసలైన ఫిర్యాదులు ఆ రెండే: ఒంటికి వణుకు, కడుపు జారిపోవడం. అవి పోలేదంటే మందు జబ్బును తాకనేలేదన్న మాట. పోయినవల్లా దిగులూ నీరసమూ మాత్రమే, అవి కూడా కొకెయిన్ ప్రభావం ఉన్నంతసేపే. మార్ఫిన్ పనిచేసే గ్రాహకాలు (నాడీకణాల మీద మందు అతుక్కునే చోట్లు) వేరు, కొకెయిన్ చేసే పని వేరు అని మనకు ఈరోజు తెలుసు. నాడీకణాలు విడుదల చేసిన డోపమైన్ అనే ఉల్లాస రసాయనాన్ని అవి తిరిగి పీల్చుకోకుండా కొకెయిన్ అడ్డుపడుతుంది, దాంతో కాసేపు ఉల్లాసం పొంగుతుంది, గంట గడిచేసరికి రక్తంలో మందు సగానికి పడిపోతుంది. ఆ సంగతి 1884లో ఎవరికీ తెలిసే వీలు లేదు. కానీ చలీ విరేచనాలూ పోలేదన్న సాక్ష్యం ఆ పేజీ మీదే ఉంది.

ఆ రోగి ఎవరో ఫ్రాయిడ్ పేరు చెప్పలేదు. ఆయన స్నేహితుడు ఎర్న్‌స్ట్ ఫాన్ ఫ్లైష్ల్-మార్క్సో అని చరిత్రకారులు చెబుతారు. ఈ మందు గురించి రాసేవాళ్లెవరైనా ఆయన దగ్గర కొంచెంసేపు ఆగక తప్పదు. బ్రూకే నడిపిన శరీరధర్మశాస్త్ర సంస్థలో అందరూ మెచ్చుకునే పరిశోధకుడు, అందగాడు, మంచి మాటకారి. పాతికేళ్ల వయసులో శవపరీక్ష గదిలో పనిచేస్తుండగా కుడి బొటనవేలికి చీము పట్టింది. ప్రాణం దక్కడానికి వేలు కొంత తీసేశారు, కానీ కోసిన చోట నరాల చివర్లలో గడ్డలు మొలిచి, గాలి తగిలినా భరించలేని నొప్పి మొదలైంది. బిల్‌రోత్ వంటి గొప్ప శస్త్రచికిత్స నిపుణుడు పలుమార్లు కోసినా గడ్డలు మళ్లీ మళ్లీ వచ్చాయి. నొప్పికి మార్ఫిన్, మార్ఫిన్‌తో అలవాటు. నిద్రపట్టని రాత్రుల్ని గడపడానికి ఆయన మొదట గణితం, భౌతికశాస్త్రం చదివాడు, అవి కూడా చాలక సంస్కృతం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మన భాషల వర్ణమాలతో చుట్టరికమున్న అక్షరాలను, నొప్పితో మండుతున్న చేతిని పక్కన పెట్టుకుని వియన్నాలో ఒక మనిషి అర్ధరాత్రి వల్లెవేశాడని తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

1884 మే నెలలో ఫ్రాయిడ్ ఆయనకు కొకెయిన్ ఇచ్చాడు. మొదటి రోజుల్లో ఇద్దరూ సంతోషించారు. అయితే ఫ్లైష్ల్ కొకెయిన్‌ను సూదితో చర్మం కిందికి ఎక్కించుకోసాగాడు. మోతాదు పెరుగుతూ పోయి, 1885 వసంతానికి రోజుకు ఒక గ్రాముకు చేరింది. మూడు నెలల్లో కొకెయిన్ మీద ఆయన పెట్టిన ఖర్చు 1800 మార్కులు. స్పృహ తప్పి పడిపోవడాలు, రోజుల తరబడి నిద్రలేకపోవడం, ఉన్నట్టుండి వింత ప్రవర్తన మొదలయ్యాయి. జూన్‌లో, చర్మం మీద తెల్లటి పాములు పాకుతున్నాయని ఆయన వాటిని చూస్తూ కూర్చున్న రాత్రి, పక్కన ఉన్నది ఫ్రాయిడే. మార్ఫిన్ పోలేదు, దానికి కొకెయిన్ తోడైంది. పెనం మీద నుంచి పొయ్యిలో పడటమంటే ఇదే. ఆ తరువాత ఆరేళ్లు బతికి, 1891 అక్టోబరులో 45 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు.

ఈ మందుకు న్యాయం చేయాలంటే దాని రెండో ముఖం కూడా చూపాలి. కార్ల్ కోలర్ అనే యువ నేత్రవైద్యుడు అదే ఆసుపత్రిలో ఫ్రాయిడ్‌కు సహోద్యోగి. కంటి ఆపరేషన్లకు అప్పట్లో సరైన మత్తు లేదు. ఈథర్ ఇస్తే రోగి వాంతి చేసుకుని కొత్తగా కోసిన కన్ను దెబ్బతినే ప్రమాదం ఉండేది. నాలుక మొద్దుబారితే కన్ను ఎందుకు మొద్దుబారదని కోలర్‌కు తట్టింది. 1884 సెప్టెంబరులో స్ట్రికర్ ప్రయోగశాలలో సహచరుడు గేర్ట్‌నర్‌తో కలిసి కొంచెం పొడిని నీళ్లలో కరిగించి ఒక కప్ప కంట్లో చుక్క వేశాడు. నిమిషం గడిచాక కంటి నల్లగుడ్డును ముట్టుకున్నా కప్ప కదలలేదు. రెండో కన్ను తాకగానే తల వెనక్కి లాక్కుంది. కుందేలు, కుక్క అయ్యాక ఒకరి కంట్లో ఒకరు చుక్కలు వేసుకుని, అద్దం ముందు నిలబడి గుండుసూది తలతో తమ నల్లగుడ్డును తామే నొక్కి చూసుకున్నారు. ఏమీ తెలియలేదు. సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్ నేత్రవైద్యుల సభలో ఈ ఫలితాన్ని చదివి వినిపించినప్పుడు, ప్రయాణ ఖర్చులకు డబ్బు లేని కోలర్ వియన్నాలోనే ఉండిపోయాడు. బ్రెట్టవర్ అనే వైద్యుడు ఆయన బదులు చదివాడు. మందు మారినా, శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంట్లో మొద్దుబారే చుక్కలు వేసే పద్ధతికి మొదలు అక్కడే. ఆ పనికి మెర్క్ పొడి పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అయితే ఆ విజయమే దీని వ్యసన గుణం మీద తెర కప్పింది. కళ్లకు ఇంత మేలు చేసిన మందు మనసుకు కీడు చేస్తుందని నమ్మడానికి వైద్యలోకం కొంతకాలం సిద్ధపడలేదు.

పోటీ సరుకు గురించి రెండు మాటలు. పార్క్ డేవిస్ కంపెనీ 1885లో తన కొకెయిన్‌ను మెర్క్ కొకెయిన్‌తో పోల్చి చూడమని ఫ్రాయిడ్‌కు 60 గుల్డెన్లు ఇచ్చింది. ఆయన అది కూడా అంతే బాగుందన్నట్టు చెప్పాడు. అదే కంపెనీ కొకెయిన్‌ను చుట్టలుగా, పొడిగా, సూదితో పాటు పెట్టెలో అమర్చి అమ్మింది. అన్నం బదులు పనిచేస్తుందని, పిరికివాడికి ధైర్యమిస్తుందని ప్రకటనలు వేసింది. పెట్టెలోని సూదిని నేను అన్నిటికన్నా పెద్ద తప్పుగా లెక్కిస్తాను. నోటితో తాగిన మందు నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది; సూదితో ఎక్కిస్తే ఉల్లాసం తటాలున వచ్చి తటాలున దిగిపోతుంది, ఆ దిగిపోవడమే మళ్లీ సూది పట్టుకునేలా చేస్తుంది. ఫ్రాయిడ్ తాను తాగి చూసిన అనుభవాన్నే ప్రమాణంగా పెట్టుకుని, 1885 మార్చిలో వియన్నా మానసిక వైద్యుల సంఘంలో మాట్లాడుతూ, మార్ఫిన్ మాన్పించడానికి 0.03 నుంచి 0.05 గ్రాముల కొకెయిన్‌ను చర్మం కింద సూదిగా వేయవచ్చునని, శరీరంలో పేరుకుపోతుందనే భయం అక్కరలేదని సలహా ఇచ్చాడు. తాను తాగి చూసింది ఒకటి, ఇతరులకు చెప్పింది మరొకటి.

అసలైన పరీక్ష పిచ్చాసుపత్రుల్లో జరిగింది. కోబ్లెంజ్ దగ్గర బెండార్ఫ్‌లో మార్ఫిన్ రోగులకు చికిత్సాలయం నడిపిన ఆల్బ్రెక్ట్ ఎర్లెన్‌మేయర్ 1885లోనే తన రోగుల మీద కొకెయిన్‌ను పరీక్షించి, మార్ఫిన్ మాన్పించడానికి అది పనికిరాదని ప్రకటించాడు. మరుసటి ఏడాది, 1886 మే నెలలో, కొకెయిన్ వ్యసనమే ఒక వ్యాధి అంటూ వ్యాసం రాసి, మద్యం, మార్ఫిన్‌ల తరువాత ఇది మానవజాతి మీద పడిన మూడో కొరడా అన్నాడు. కటువుగా రాసే మనిషి. తన సొంత చికిత్సాలయం ఉన్నవాడు కాబట్టి పోటీ మందును తిట్టడం ఆయనకు లాభమే కదా అన్న అనుమానం నాకు కూడా వచ్చింది. కానీ ఆయన వర్ణించిన బొమ్మ, వేరేవేరు ఊళ్లలో వేరేవేరు వైద్యులు గీసిన బొమ్మతో సరిపోయింది: మాంసం కరిగిపోవడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఎవరో వెంటాడుతున్నారనే అనుమానం, అదీ ఏళ్లు పట్టకుండా నెలల్లోనే. వియన్నా శివారు ఒబర్‌డోబ్లింగ్‌లో ఆసుపత్రి నడిపిన హైన్రిక్ ఓబర్‌స్టైనర్ కథ ఇంకా బలమైన సాక్ష్యం, ఎందుకంటే ఆయన ఫ్రాయిడ్‌కు మిత్రుడు, మొదట కొకెయిన్ చికిత్సను సమర్థించినవాడు; 1886 వచ్చేసరికి, దీర్ఘకాలం వాడితే తాగుబోతులకు వచ్చే సన్నిపాతం లాంటిదే వస్తోందని ఆయనే రాశాడు. మెచ్చుకున్నవాడే మాట మార్చుకున్నప్పుడు ఆ మాటను తీసిపారేయలేము.

ఈ సమీక్షకు నేను చదివినవాటిలో నన్ను బాగా కలచివేసింది 1889లో పారిస్‌లో వాలెంటిన్ మాన్యాన్, సోరీ అనే వైద్యులు వివరించిన ముగ్గురు రోగుల ఉదంతం. ఒకడు నాలుకను గీక్కుంటూ అందులోంచి నల్లటి చిన్న పురుగులు వస్తున్నాయని చూపించేవాడు. మరొకడు చర్మం కింద సూక్ష్మజీవులున్నాయని ఒళ్లు చీరుకునేవాడు. మూడోవాడు చర్మం కింద కొకెయిన్ పలుకులు గుచ్చుకుంటున్నాయని వాటిని బయటికి తీయడానికి ప్రయత్నించేవాడు. చర్మం అడుగున ఇసుక రేణువులో పురుగులో ఉన్నట్టు అనిపించే ఈ భ్రాంతి మానసిక వైద్యంలో మాన్యాన్ లక్షణం అనే పేరుతోనే నిలిచిపోయింది. మద్యం సన్నిపాతంలో రోగికి ఎలుకలు, పాములు ఎక్కువగా కంటికి కనిపిస్తాయి. కొకెయిన్‌లో పురుగు చర్మానికి తెలుస్తుంది. రోగి తెలివి మిగతా విషయాల్లో చాలాసేపు నిలకడగా ఉండి, తన చేతిలో పురుగు ఉందని మాత్రం ప్రమాణం చేసి చెబుతాడు. ఈ తేడాను కంటితో గమనించి, విడదీసి, పేరు పెట్టడం ఆనాటి మానసిక వైద్యులు సాధించిన నిజమైన పని. జర్మన్ మానసిక వైద్యుడు క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో కొకెయిన్ వ్యసనాన్ని మద్యం, మార్ఫిన్‌ల సరసన విషప్రభావ వ్యాధుల్లో చేర్చాడు. జ్యూరిక్‌లో హాన్స్ మేయర్ 1926లో దీనిమీదే పూర్తి గ్రంథం రాశాడు.

అమెరికాలో వాదం మరో రకంగా నడిచింది. సైన్యానికి ఒకప్పటి సర్జన్ జనరల్ విలియం హామండ్, తాను స్వయంగా సూదులు వేసుకుని చూశానని, కాఫీ, టీల కన్నా ఇది ఎక్కువ అలవాటు చేయదని వాదించాడు. బ్రూక్లిన్‌లో వ్యసనపరులకు చికిత్స చేసే మాటిసన్ దీన్ని గట్టిగా ఖండించాడు. తన రోగుల కథలే ఆయన ఆయుధం. మళ్లీ అదే తేడా: ఒకరిది సొంత ఒంటి మీద కొద్దిరోజుల అనుభవం, మరొకరిది చికిత్స కోసం వచ్చినవాళ్ల శరీరాల సాక్ష్యం. ఇదే కాలంలో న్యూయార్క్ శస్త్రచికిత్స నిపుణుడు విలియం హాల్‌స్టెడ్, కోలర్ వార్త చదివి, నరం దగ్గర కొకెయిన్ ఎక్కించి ఒక భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే పద్ధతిని తన మీదా సహచరుల మీదా పరీక్షిస్తూ వ్యసనంలో పడ్డాడు. 1885 సెప్టెంబరులో అచ్చైన ఆయన వ్యాసం మొదటి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎంతసేపు చదివినా అర్థం కాదు. అంత చక్కటి బుర్రను ఆ మందు ఏం చేసిందో చెప్పడానికి ఆ వాక్యం చాలు. ప్రావిడెన్స్‌లోని బట్లర్ మానసిక వైద్యశాలలో చేరి బయటికి వచ్చేసరికి ఆయనకు మార్ఫిన్ అలవాటైంది, ఆ అలవాటు దశాబ్దాలపాటు సాగింది. జాన్స్ హాప్‌కిన్స్‌లో అమెరికా శస్త్రచికిత్సకు గురువై ఎదిగిన ఈ మనిషి రహస్యాన్ని సహచరుడు ఓస్లర్ రాసి దాచిపెట్టగా, ఆ కాగితాలు 1969లో బయటపడ్డాయి. వియన్నాలో మార్ఫిన్‌కు కొకెయిన్, ప్రావిడెన్స్‌లో కొకెయిన్ పోయే దారిలో మార్ఫిన్.

1887 జులైలో ఫ్రాయిడ్ విమర్శకులకు బదులిచ్చాడు. కొకెయిన్ వ్యసనంలో పడినవాళ్లంతా అప్పటికే మార్ఫిన్‌కు బానిసలని, బలహీనపడిన వాళ్ల సంకల్పమే దీన్ని దుర్వినియోగం చేసిందని, మార్ఫిన్ అలవాటు లేనివాళ్లకు ప్రమాదం లేదని ఆయన వాదన. సూది పద్ధతిని వదిలేయడం మంచిదని కూడా అన్నాడు, కానీ రెండేళ్ల కిందట సూదిని సిఫారసు చేసింది తానేనని అనలేదు. ఆ వాదన అచ్చయ్యేనాటికే హాల్‌స్టెడ్ వంటి, మార్ఫిన్ ఎరుగని మనుషులు కొకెయిన్‌లో కూరుకుపోయి ఉన్నారు. 1897లో ఫ్రాయిడ్ ప్రొఫెసర్ పదవి కోసం సమర్పించిన రచనల జాబితాలో ఆ 1885 ప్రసంగం కనిపించదు. 1900 తేదీతో వెలువడిన, కలల అర్థాల మీద రాసిన గ్రంథంలో మాత్రం, కొకెయిన్ దుర్వినియోగం తన ప్రియమిత్రుడి మరణాన్ని త్వరితం చేసిందని రాశాడు. ఆ వాక్యంలోని బాధ నిజమైనదని నేను నమ్ముతాను. రోగి సంకల్పబలం మీదికి తప్పు తోసేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆ మాట ఈనాటికీ మా వార్డులో వినిపిస్తుంది, మందు చేసిన పనికి మనిషిని శిక్షిస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆనాటి విమర్శకులు కూడా ఫ్రాయిడ్ కన్నా మెరుగేమీ కాదు. పుట్టుకతో వచ్చిన నరాల బలహీనత, క్షీణించిన వంశం అంటూ రోగి మీదికే వేలు చూపినవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు.

ఈ మందు మన దేశానికి కూడా వచ్చింది, కానీ సూది రూపంలో కాదు. కలకత్తా వైద్యుడు కైలాస్ చంద్ర బోస్ 1902లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాసిన వ్యాసంలో, కొకెయిన్‌ను తాంబూలంలో పెట్టుకుని నమిలే అలవాటును వర్ణించాడు. ఆండీస్ కొండల్లో కోకా ఆకును సున్నంలాంటి క్షారంతో కలిపి నమిలేవాళ్లు. ఇక్కడ కిళ్లీలోని సున్నం తెలియకుండానే అదే పని చేసింది, మందు నోటి చర్మం గుండా వేగంగా ఇంకడానికి తోడ్పడింది. ఆ తరువాత కలకత్తాలో చోప్రా అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు 1931లో దేశంలోని కొకెయిన్ అలవాటు మీద వివరమైన అధ్యయనం ప్రచురించారు.

ఇక నా తీర్పు. కంటికీ ముక్కుకూ గొంతుకూ చేసే శస్త్రచికిత్సల్లో మొద్దుబార్చే మందుగా 1884 నాటి మెర్క్ కొకెయిన్ అత్యుత్తమమైనది. మార్ఫిన్ వ్యసనానికి మందుగా ఇది పూర్తిగా విఫలం. జబ్బును తాకకుండా జబ్బు బాధను కప్పిపెట్టి, కప్పినందుకు మరో జబ్బును రుసుముగా వసూలు చేసింది. ధర ఎక్కువ, ప్రభావం కొద్దిసేపు, మోతాదు పెరగక తప్పదు, మానుకునే దారి సీసా మీద ఎక్కడా లేదు. దీన్ని ఎవరికీ సిఫారసు చేయలేను.

ఫ్లైష్ల్ ఈరోజు మా కిటికీ ముందుకు వస్తే ఇవ్వడానికి ఒక మందు ఉంది. బ్యుప్రెనార్ఫిన్ బిళ్లను నాలుక కింద పెట్టి, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెట్టి చూస్తాం. మార్ఫిన్ పనిచేసే చోటే అది పనిచేస్తుంది కాబట్టి చలీ విరేచనాలూ కూడా తగ్గుతాయి. హాల్‌స్టెడ్ వస్తే మాత్రం మాట్లాడటానికి మనుషులున్నారు, పరీక్షలో కొకెయిన్ జాడ కనిపించని ప్రతి వారానికీ చిన్న బహుమతి ఇచ్చి ప్రోత్సహించే పద్ధతి ఉంది, బిళ్ల లేదు. కొకెయిన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు ప్రపంచంలో ఇంతవరకు ఒక్కటీ రాలేదు, నా వెనకున్న అరల్లో ఆ చోటు ఖాళీగానే ఉంది. ఆ తల్లి అడిగినప్పుడు నేను ఆ ఖాళీ గురించే చెబుతాను, చెప్పి ఆమెను డాక్టరు గారి గదికి తోడుగా తీసుకువెళతాను.